మెడ వెనక మూడు మడతలు

యానాం,
జులై 6

చిరంజీవి లిదియాకు,

వార్డు పార్టీ అధ్యక్షుడు వీరవెంకటసత్యనారాయణ ఆశీర్వదించి రాయడమేమంటే... ఆశీర్వాదం నీ వయసుకి మాత్రమే. విషయం తీవ్రమైనది.

పోయిన శనివారం ‘రేవు వార్తలు’లో నువ్వు వేసిన కార్టూన్ చూశాను. మోకాలి లోతు వాన నీళ్లలో బిందెలతో జనం. మధ్యలో ఒక నాయకుడు అటు తిరిగి నిలబడి, ఎదురుగా ఉన్న కెమెరావాడితో “వెనకాల నీళ్లు పడకుండా తియ్యి” అంటున్నాడు. అవతలి పార్టీవాడనుకుని రెండుసార్లు నవ్వాను. నాకూ హాస్యం తెలుసు.

మూడోసారి నవ్వబోతుంటే మా ఆవిడ లక్ష్మి కాఫీ గ్లాసు పెడుతూ, “ఏవండీ, ఇది మీ వీపే కదండీ” అంది.

యాభై ఎనిమిదేళ్లొచ్చినా నా వీపు నేనెప్పుడూ చూసుకోలేదు. ఆంథోనీ సెలూన్‌కి వెళ్లి ముందొక అద్దం, వెనకొక అద్దం పెట్టించి చూశాను. మెడ వెనక మూడు మడతలు, కుడి భుజం మీంచి జారిన కండువా. “ఆయ్, అచ్చుగుద్దినట్టు మీరేనండి” అన్నాడు ఆంథోనీ, కత్తెర పక్కన పెట్టి మరీ.

కాబట్టి వచ్చే సంచికలో ‘ఆ వీపు సత్యనారాయణగారిది కాదు’ అని ప్రకటన వెయ్యాలి. లేకపోతే మీ ఎడిటరుకి ఫిర్యాదు వెళుతుంది. జవాబు ఉత్తరంలోనే రాయి. వాట్సాప్‌లో పెడితే స్క్రీన్‌షాట్ తీసి ఊరంతా తిప్పుతారు. నాకు అనుభవం ఉంది.

ఇట్లు,
కె. వీరవెంకటసత్యనారాయణ

తా.క.: నీ చిరునామా ఓటర్ల జాబితాలో దొరికింది. ఫొటోలో నవ్వలేదేం?

ఇంకో తా.క.: మడతలు నిజానికి నాలుగట. ఒకటి తగ్గించినందుకు మా ఆవిడ నీకు థాంక్స్ చెప్పమంది.

*

కనకాలపేట,
జులై 9

గౌరవనీయులైన సత్యనారాయణగారికి లిదియా వందనాలు.

మీ ఉత్తరం అందింది. కవరు మీద పార్టీ ముద్ర చూసి, వల బాగుచేసుకుంటున్న మా నాన్న ఇస్సాకు “ఎలక్షన్లెప్పుడే?” అన్నాడు. మీ పార్టీ నుంచి మా ఇంటికి ఇంకే కారణంతోనూ ఏదీ రాలేదు మరి.

అయ్యా, ఆ వీపు ఎవరిదీ కాదు. మా ఎడిటర్ ఉమామహేశ్వరంగారి నియమం ఒకటుంది: “ముఖం వేస్తే కేసు. వీపు వెయ్యి, వీపు మీద ఎవడూ కేసు వెయ్యలేడు.” అందుకే నా నాయకులందరూ అటు తిరిగే ఉంటారు. పైగా ఆ నాయకుడు పుదుచ్చేరివాడో ఆంధ్రావాడో నాకే తెలియదు. మన ఓటు పుదుచ్చేరికి, మన టీవీ ఆంధ్రాకి. టీ కొట్టు దగ్గర చొక్కాలు పట్టుకుని కొట్టుకునేదేమో మనం ఓటే వెయ్యలేని వాళ్ల కోసం. ఇలాంటి ఊళ్లో ఒక వీపు ఏ ప్రభుత్వానిదో ఎలా చెప్పమంటారు?

ప్రకటన వేస్తే ఇప్పటిదాకా మీరని అనుకోనివాళ్లు కూడా అనుకుంటారు. ఇంకో సంగతి. నన్ను మూడు నెలలు చూసి ఉంచుకోవాలో పంపించాలో తేలుస్తామన్నారు. ఆ గడువు ఈ నెలాఖరుకి అయిపోతుంది. “ఒక్క ఫిర్యాదొచ్చినా నీ దారి నీదే” అని ఎడిటర్‌గారు ముందే చెప్పారు. నా దారి అంటే, బీఎస్సీ చదివి రొయ్యల కంపెనీలో పెట్టెల మీద స్టిక్కర్లు అంటించడం. బొమ్మలు తప్ప నాకు ఇంకేదీ చెయ్యాలని లేదు. దయచేసి రాయకండి.

ఇట్లు,
లిదియా

తా.క.: పోయిన వారం మా పత్రిక నలభై కాపీలు ఒక్కరే కొన్నారని షాపాయన చెప్పాడు. కాల్చడానికా, దాచుకోవడానికా?

ఇంకో తా.క.: ఓటరు కార్డు ఫొటోలో నవ్వనివ్వరండి. జాబితా చూశాక ఏడుపు కూడా వస్తుంది.

*

యానాం,
జులై 13

చిరంజీవి లిదియాకు,

‘ఎవరిదీ కాదు’ అన్నావు. ఆ మాట మొదటి పోటు కంటే గట్టిగా తగిలింది. ఎవరిదీ కాని వీపుకి అన్ని మడతలెందుకమ్మా?

నువ్వలా అన్నావో లేదో, దరియాలతిప్ప పాపారావు, అదే అవతలి పార్టీవాడు, ఆ బొమ్మ తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు. “పేపరోళ్లు నన్నే టార్గెట్ చేశారు” అని టీ కొట్టు దగ్గర కాలరెగరేస్తున్నాడు. కింద యాభై మంది ‘అన్నా సూపర్’ అని పెట్టారు. అందులో పదిమంది మావాళ్లు! వాడిది కొంగ మెడ. అందులో మడత పడే చోటేదీ?

మీ వీధిలో మురుగు కాలవ మీద కల్వర్టుకి రెండేళ్ల కిందట శంకుస్థాపన చేసిందెవరు? నేనా, వాడా? రాయి మీద నా పేరు చెక్కి ఉంది, వెళ్లి చూసుకో. పేపర్లో పడే అర్హత ఎవరికుందో నీకే తెలుస్తుంది.

కాబట్టి పాత ప్రకటన వద్దు. ‘ఆ వీపు ముమ్మాటికీ సత్యనారాయణగారిదే’ అని వెయ్యి. వెయ్యకపోతే ఫిర్యాదు.

ఇట్లు,
కె. వీరవెంకటసత్యనారాయణ

తా.క.: కాపీలు కాల్చలేదు. చుట్టాలకి పంపించాను. అవమానం ఎంత ఘోరంగా జరిగిందో వాళ్లకీ తెలియాలి కదా.

*

కనకాలపేట,
జులై 16

గౌరవనీయులైన సత్యనారాయణగారికి లిదియా వందనాలు.

పేర్లు వెయ్యడానికి మా ఎడిటర్‌గారు అసలే ఒప్పుకోరు. మీదని వేసినా నా ఉద్యోగం పోతుంది, కాదని వేసినా పోతుంది. కొంచెం నా పక్షాన ఆలోచించండి.

శంకుస్థాపన రాయి చూసుకోమన్నారు. రోజూ చూస్తూనే ఉన్నానండి, కాళ్ల కింద. కల్వర్టు రాలేదు, రాయి మాత్రం వచ్చింది. పోయిన వానల్లో మా అమ్మ బిందెతో సహా కాలవలో పడింది. మర్నాడే మా నాన్న, ఎదురింటి జాషువా బాబాయ్ కలిసి ఆ రాయి పీకి కాలవకి అడ్డంగా పరిచారు. మంచి గ్రానైటు. నలుగురు ఒకేసారి నడిచినా కదలదు. మీ పేరుకి మర్యాదగా ఉంటుందని ముందు అక్షరాలు కిందకి తిప్పి పెట్టారు. వెనకవైపు నున్నగా ఉండి ఇద్దరు జారిపడ్డారు. అందుకని పైకి తిప్పారు. అంతకుమించి అగౌరవం లేదు.

ఇట్లు,
లిదియా

తా.క.: మీ పేరులో పదకొండు అక్షరాలున్నాయి. పాదం ఎక్కడ వేసినా పట్టు దొరుకుతోంది, ముఖ్యంగా ‘త్య’ దగ్గర. పాపారావుగారి రాయి అయితే నాలుగే అక్షరాలు. మా నాన్న ఈపాటికి గోదాట్లో తేలేవాడు.

*

యానాం,
జులై 20

లిదియాకు,

(చిరంజీవి అన్నది కావాలనే తీసేశాను.)

నా పేరు మీద చెప్పులా! మా తాతగారు అన్నవరం వెళ్లి మొక్కుకుని పెట్టిన పేరు. మీరేమో ‘త్య’ ఒత్తు మీద బొటనవేలు ఆనించి కాలవ దాటుతున్నారు!

ఆ రాయి గురువారం లోపల పీకిస్తాను. పీకితే జనం దాటేదెలా అని మా ఆవిడ అడిగింది. నిజమే, మళ్లీ తెచ్చి పరుస్తారు. అందుకని ముందు స్లాబు వేయించి, తర్వాత రాయి తీయించి గోడకి నిలబెట్టిస్తాను. మీ మీద దయతో మాత్రం కాదు. కాంట్రాక్టర్‌కి చెప్పేశాను.

ఇక నీ సంగతి. మీ ఎడిటరుకి కవరు పోస్టు చేసేశాను. ఆంథోనీ తీసిన నా మెడ ఫొటోలు నాలుగు పెట్టాను, ఒక్కో మడతకి ఒకటి చొప్పున. ఒక్కటే వాక్యం రాశాను: ‘ఈ మెడ ఎవరిదో మీ కార్టూనిస్టుని అడగండి.’ పేరు రాయలేదు. రాస్తే నేను ఫిర్యాదు చేశానని అచ్చేస్తారు. అయినా చూడగానే తెలుస్తుందిలే.

ఇట్లు,
కె. వీరవెంకటసత్యనారాయణ

తా.క.: పాపారావు పేరైతే జారేవాళ్లన్న ముక్క బాగుంది. టీ కొట్టు దగ్గర చెప్పాను. నాదే అని చెప్పాను.

*

కనకాలపేట,
జులై 31

గౌరవనీయులైన సత్యనారాయణగారికి లిదియా, ఇస్సాకు, మా వీధి అంతా వందనాలు.

గురువారం స్లాబు పడింది. రెండేళ్లలో రానిది నాలుగు రోజుల్లో వచ్చింది. మా అమ్మ బిందెతో మూడుసార్లు ఊరికే అటూ ఇటూ నడిచింది.

మీ కవరు కూడా చేరింది. ఎడిటర్‌గారు నన్ను ఎదురుగా నిలబెట్టి విప్పారు. నాకు రొయ్యల వాసన అప్పుడే తగిలిందండి. ఆయన నాలుగు ఫొటోలూ బల్ల మీద పేర్చి, చాలాసేపు చూశారు. చెయ్యి నెమ్మదిగా తన మెడ వెనక్కి వెళ్లింది. ఒకటి, రెండు, మూడు అని తడుముకున్నారు.

“నన్ను వెనక నుంచి ఎవడు తీశాడమ్మా?” అన్నారు.

ఆయన రోజూ తలుపుకి వీపు పెట్టి కూర్చుంటారు.

“నిజం చెప్పు. ఇన్నాళ్లూ నువ్వు వేస్తున్నది నా వీపేనా?”

నేను ఫొటోలు ఏరి కవర్లో పెట్టేశాను. ఆయన కుర్చీ గోడకి ఆనించుకుని, “ముఖం వేస్తే ఒక్కడే వస్తాడు. వీపు వేస్తే ఊరంతా వచ్చేలా ఉంది. ఇకనుంచి ముఖాలే వెయ్యి” అన్నారు.

“ఇకనుంచి అంటే సార్, నేను...?”

“నువ్వు కాక నేను వేస్తానా?”

ఆర్డరు కాగితం మీద సంతకం కూడా అయింది. బైబిల్లో పెట్టి దాచాను.

ఇప్పుడొక్కటే చిక్కు. ముఖం వేద్దామంటే మీ ముఖం మా వీధిలో ఎవరికీ తెలియదు. శనివారం పొద్దున వచ్చి స్లాబు మీద ఓ పది నిమిషాలు నిలబడండి. ఫొటోగ్రాఫర్ని తేకండి, తెస్తే మళ్లీ అటు తిరుగుతారు. మా ఇళ్ల వైపు చూస్తే చాలు. అమ్మ టీ ఇస్తుంది.

ఇట్లు,
లిదియా
కార్టూనిస్ట్, ‘రేవు వార్తలు’
(పర్మినెంట్)

తా.క.: ఇకనుంచి ముఖాలని తెలిసి పాపారావుగారు పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఆరు పంపించారు.

ఇంకో తా.క.: ఆర్డరు చేతికొచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆ వీపు మీదే. శంకుస్థాపన రోజు మీరు కెమెరా వైపు తిరిగి గంటసేపు మాట్లాడారు, నేను మా గుమ్మంలో కూర్చుని గీసుకున్నాను. నాలుగో మడత కండువా కింద ఉండిపోయింది. లక్ష్మిగారికి నా క్షమాపణలు చెప్పండి.