విడిపోయిన మర, నా చావుబీరు

పశ్చిమ నార్వేలోని వోస్ ప్రాంతంలో, సరస్సుకు ఉత్తరపు ఒడ్డున ఉన్న హెగ్‌బ్రెక్కె కమతం నివాసి, కీర్తిశేషులు షూర్ గారి భార్య అస్లౌగ్ అను నేను, నా గొంతు పోయింది గాని బుద్ధి పోలేదని అందరికీ ముందుగా తెలియజేసుకుంటూ, ఎవరి బలవంతమూ, ప్రలోభమూ లేకుండా, పొద్దుటి నుంచి బీరు చుక్క ముట్టకుండా, నా చేతులతో నేనే రాసుకుంటున్న ఆఖరి వీలునామా ఇది. అక్షరాలు వంకరపోతే అది చలివల్ల. పొయ్యిలో కట్టెలు తడిగా ఉన్నాయి. అవి నా అల్లుడు పేర్చిన కట్టెలు, ఆ సంగతి ఆరో అంశంలో వస్తుంది.

ఇంతకుముందు కోపంలో రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దయ్యాయి. వాటిని పొయ్యి రాజేయడానికి వాడేశాను గనక ఎవరూ వెతకనక్కర్లేదు. దీన్ని అమలుపరచే బాధ్యత నా కూతురు ఓడ్నీది.

1. నా అంత్యక్రియల గురించి. మా వైపు మనిషి పోతే ఇంట్లో కాచిన బీరుతో సాగనంపుతాం. దాన్నే చావుబీరు అంటాం. తొట్టి ఖాళీ అయ్యేదాకా పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలి, ఖాళీ అయ్యాక నిజం మాట్లాడుకోవచ్చు. కాబట్టి తొట్టి పెద్దదిగా ఉండాలి. నా చావుబీరు మా పొలంలో పండి, మా ఇంట్లోనే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో, అంటే మా సొంత మాల్ట్‌తో కాచాలి. ఆ మాల్ట్‌ను మా నాన్న మరలోనే ఆడించాలి. వచ్చినవాళ్ళకు కాఫీ పోసి పంపితే ఒప్పుకోను. మా ఇంట్లో ఒక మనిషికి అలా జరిగింది. ఆ అవమానం ఒక్కరితో సరిపోవాలి.

2. సదరు మర గురించి. మా నాన్న దాన్ని ఊరికే కొనలేదు. మొదట రాతి మరలో ఆడించి చూశాడు, అంతా పిండైంది. కాఫీ గింజల మరలో వేశాడు, మాల్ట్‌కు కాఫీ వాసన, కాఫీకి మాల్ట్ వాసన పట్టాయి. అమ్మ మాంసం తిప్పే మిషనులో వేశాడు, ఆ తర్వాత కొన్నాళ్ళపాటు అమ్మ ఆయనకు మాంసం వండలేదు. గింజ పగలాలి, పొట్టు మాత్రం నలగకుండా నిలవాలి. నిలిచిన పొట్టే తొట్టి అడుగున జల్లెడలా కూర్చుని తియ్యటి రసాన్ని కిందికి దిగనిస్తుంది. పొట్టు కూడా పిండైపోతే తొట్టెడు మాల్టూ సంకటి ముద్దలా బిగుసుకుంటుంది, చుక్క దిగదు. ఇది తెలిశాక నాన్న పక్క లోయకు వెళ్ళి, గాట్లు పెట్టిన రెండు ఉక్కు రోలర్ల మర తెచ్చాడు. ఆ రెండింటి మధ్య సందు ఎంతుండాలో చర్చి పాటల పుస్తకం అట్ట దూర్చి చూసుకునేవాడు. అట్ట బిగుతుగా దూరితే సరి. ఆ పుస్తకం ఓడ్నీకి చెందాలి, పాడుకోవడానికి కాదు.

3. సదరు మర విడిపోవడం గురించి. నాన్న పోయినప్పుడు ఆయన చావుబీరు కాచే పని నాదీ నా చెల్లెలు రాగ్నదీ. తొట్టి అడుగున పరచడానికి జునిపర్ పొద కొమ్మలు కొట్టుకొస్తానని నేను కొండెక్కాను. దిగి వచ్చేసరికి రాగ్న రోలర్లు బిగించేసి మాల్టంతా ఆడించేసింది. తపాలా బిళ్ళ మందమంత సందు చాలని చివరి రోజుల్లో నాన్న తనతో చెప్పాడట. తనతోనే చెప్పాడట. అదేమిటే అంటే, "నువ్వు వినవు కాబట్టి నాతో చెప్పాడక్కా" అంది. తొట్టి సంకటైంది. రసం దిగలేదు. గరిటెలు పెట్టి పొడిచాం, వేడినీళ్ళు పోశాం, షూర్ గొట్టం పెట్టి ఊదాడు. చివరికి నలభై ఏళ్ళు ఊరందరికీ బీరు పోసిన మనిషిని కాఫీతో సాగనంపాం. పాస్టరు గారు మూడు కప్పులు తాగి, చాలా బాగుంది అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు.

ఆ సాయంత్రమే స్పానర్లు పట్టుకుని మర విప్పేశాం. ఒక రోలరు నాకు, ఒక రోలరు రాగ్నకు. మర పైన గింజలు పోసే చెక్క తొట్టి ఆమెకు, తిప్పే పిడి నాకు. ఆ ఒక్క పనీ ఇద్దరం మాటామాటా రాకుండా చక్కగా చేశాం. మర్నాడు ఆమె పడవలో అవతలి ఒడ్డుకు వెళ్ళింది. ఇన్నేళ్ళూ అక్కడే ఉంది, నేనిక్కడే ఉన్నాను.

4. ఒంటి రోలరుతో నా భర్త షూర్ చేసిన మార్పుల గురించి. "ఆ రెండోది అడిగితే పోలా?" అని ఆయన జీవితంలో ఒక్కసారే అన్నాడు. ఆ క్రిస్మస్ పండగ వెళ్ళేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. అడిగించడం కన్నా సిమెంటు కలపడం తేలికని ఆయనకు అర్థమైంది. పొయ్యి గొట్టంలో సిమెంటు పోసి రెండో రోలరు తయారు చేశాడు. నున్నగా ఉండి గింజను పట్టలేదు, జారిపోయింది. ఉలితో గాట్లు పెట్టాడు. గింజను పట్టింది, కానీ ఇసుక రాల్చింది. ఆ ఏడు క్రిస్మస్‌కు వచ్చినవాళ్ళు బీరు తాగుతూ పళ్ళు కరకరలాడించారు, మర్యాదకి ఎవరూ అడగలేదు.

తర్వాత పాత వాషింగ్ మెషీన్ మోటారు తగిలించాడు. అది మొదట నెమ్మదిగానే తిరిగింది. ఆ పైన బట్టలు పిండే వేగం అందుకుంది. మాల్టంతా కిటికీలోంచి వెళ్ళి పొరుగువాళ్ళ గొర్రెల మీద పడింది. గొర్రెలు ఆ తర్వాత రోజూ అదే వేళకు వచ్చి కిటికీ కింద నిలబడేవి. సైకిలు గొలుసు పెట్టాక మాత్రం బాగానే నడిచింది, తొక్కేది ఆయనే కాబట్టి. తొక్కుతూ నా వైపు చూసి నవ్వేవాడు. ఎక్కడికీ వెళ్ళని ఆ సైకిలు మీద ఆయన చెమటలు కక్కుతుంటే నాకు ఎంత ముద్దొచ్చేదో ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

సిమెంటు రోలరు చర్చికి ఇవ్వాలి. అక్కడి తలుపు గాలికి కొట్టుకుంటోంది, అడ్డం పెట్టుకోవచ్చు. వాషింగ్ మెషీన్ మోటారు ఎవరికీ ఇవ్వకూడదు, గొర్రెలకు మళ్ళీ ఆశ పుట్టించవద్దు. సైకిలు అమ్మకూడదు, కదపకూడదు, దుమ్ము మాత్రం తుడవాలి.

5. నా కూతురు ఓడ్నీకి నా పెళ్ళినాటి వెండి పిన్ను, గొర్రె తలకాయలు ఉడికించే పెద్ద కుండ, బీరును పులియబెట్టే మా ఈస్ట్‌ను అంటించి ఎండబెట్టుకునే చెక్క కడియం సర్వహక్కులతో చెందుతాయి. కడియాన్ని కడగవద్దు. శుభ్రం చేద్దామన్న బుద్ధి పుడితే వెళ్ళి ఇంకేదైనా శుభ్రం చెయ్యి తల్లీ.

6. నా అల్లుడు స్టైనార్ గురించి. ఇతను పట్నం నుంచి కొత్త మర తెచ్చాడు. దానికి చిన్న తెర ఉంది, రోలర్ల సందును అంకెల్లో చూపిస్తుంది. నా వంటింట్లో మాల్ట్ పోసి మీట నొక్కితే, ముందు ఫోన్‌తో కలుపుకోండి అని అడిగింది. ఫోన్‌కు సిగ్నల్ అందలేదు. మర తిరగలేదు. "సిగ్నల్ కొండ మీద ఉందత్తయ్యా, ఒక్క నిమిషం" అని చెప్పి ఫోన్ పట్టుకుని కొండెక్కాడు. ఈలోగా నేను షూర్ సైకిలెక్కి, కాళ్ళు అందినంతవరకు తొక్కి, పని కానిచ్చాను.

ఇతనికి కట్టెల కొట్టం రాసిస్తున్నాను, కట్టెలు పేర్చడం నేర్చుకుంటాడని. దాంతోపాటు కిటికీ పక్క నా కుర్చీ కూడా ఇతనిదే. గొంతుకి ఆపరేషన్ అయ్యి నా మాట గుసగుసగా మారాక, చెప్పినదాన్ని రెండోసారి చెప్పించకుండా అర్థం చేసుకున్నవాడు ఈ ఇంట్లో ఇతనొక్కడే.

7. ఫిర్యాదు. తొట్టిలో ఈస్ట్ వేసేటప్పుడు గట్టిగా కేక పెట్టాలి. మా తాతల నాటి నుంచీ అంతే. కేక పెట్టకపోతే బీరులో సత్తువ ఉండదు, తాగినవాడు కూర్చున్న చోటే నిద్రపోతాడు. గొంతు పోయాక నాకు కేక లేదు. స్టైనార్ పెట్టిన కేక దగ్గులా ఉంటుంది. అందుచేత రాగ్న కేక కోసం ఆగుతున్నాను. క్రిస్మస్‌కు ముందు ఆమె అవతలి ఒడ్డున ఈస్ట్ వేస్తూ కేక పెడితే నీళ్ళ మీదుగా ఇక్కడికి వినబడుతుంది. అప్పుడు నేనూ వేస్తాను. ఇది దొంగతనం కాదు, నా కిటికీలోకి వచ్చిన కేక నాదే. అయితే కొన్నేళ్ళుగా ఆమె ఒక కేక పెట్టి, కొంచెం ఆగి, ఇంకో కేక పెడుతోంది. ఒక తొట్టికి రెండు కేకలు ఎందుకు? తన గొంతు గట్టిగా ఉందని నన్ను దెప్పడానికే. ఈ దెప్పిపొడుపు నా మరణానంతరమైనా ఆపవలసిందిగా కోరడమైనది.

8. నా వాటా ఉక్కు రోలరు, పిడి నా చెల్లెలు రాగ్నకు చెందాలి, ఈ కింది షరతులకు లోబడి. నేను పోయానని కబురు అందగానే ఆమె తన రోలరు, చెక్క తొట్టి తీసుకుని పడవలో ఈ ఒడ్డుకు రావాలి. రెండు రోలర్లూ మళ్ళీ ఒకే మరలో బిగించాలి. సందు పాటల పుస్తకం అట్టంతే ఉండాలి, తపాలా బిళ్ళ మాట ఎత్తకూడదు. నా చావుబీరు కాచాలి. ఈస్ట్ వేసి కేక పెట్టాలి, ఒక్కటే. దీనికి ఆమె ఒప్పుకోకపోతే రోలరును నా శవపేటికలో నాతోపాటు పెట్టండి. మోసేవాళ్ళకు బరువైతే అది వాళ్ళ ఖర్మ. నాకు ఇంకెవరి బీరూ వద్దు. వేరే ఎవరికీ అది చేతకాదు.

అనుబంధం, అదే రోజు మధ్యాహ్నం రాసింది.

సంతకానికి ఇద్దరు సాక్షులు కావాలి. వీలునామాలో తమకేదైనా రాసి ఉన్నవాళ్ళు సాక్షులుగా ఉండకూడదు, ఉంటే వాళ్ళకు రాసింది చెల్లదు. మొదటి సాక్షి మా పశువుల డాక్టరు ఆర్న్‌ఫిన్. రెండో సాక్షిగా రావలసిన చర్చి గంట కొట్టేవాడు దారిలో కొండరాళ్ళు పడి ఆగిపోయాడు. డాక్టరు తన పడవేసుకుని వెళ్ళి ఇంకొకరిని తీసుకొస్తానన్నాడు. తీసుకొచ్చింది రాగ్నను.

పక్కకు పిలిచి ఇదేం పనని అడిగితే ఆయన తడుముకోకుండా, "పెద్దమ్మా, మీరు ఈమెకి పూచికపుల్ల కూడా రాయరని లోయంతా తెలుసు. ఇంతకన్నా పనికొచ్చే సాక్షి నాకెక్కడ దొరుకుతుంది?" అన్నాడు. చదువుకున్నవాడు, తప్పు పట్టలేకపోయాను.

రాగ్న కోటు విప్పకుండా కూర్చుంది. ఆమె జుట్టంతా నెరిసిపోయింది. నాకెవరూ చెప్పలేదు. నేను కాగితం ఆమె ముందు పెట్టి, తీసేసుకుని, మళ్ళీ పెట్టి, ఆఖరికి నా గుసగుసలో చెప్పాను: నువ్వు సంతకం పెడితే నీకు రాసింది పోతుంది.

"నాకు రాశావా? ఏం రాశావ్?"

రోలరు అన్నాను.

ఆమె "దానికోసం నువ్వు చచ్చేదాకా కూర్చోవాలా నేను?" అని కలం అందుకుంది. నేను కలం పట్టుకుని లాగాను. ఆమె కూడా లాగింది. డాక్టరు తన సంచీలోంచి ఇంకో కలం తీసి ఆమెకిచ్చాడు. "వీలునామాలో నాకేమీ వద్దక్కా. ఇవ్వాల్సింది ఇప్పుడియ్యి" అంది.

కాబట్టి ఎనిమిదో అంశం చెల్లదు. సదరు రోలరూ, పిడీ ఇప్పుడే ఆమె చేతికి ఇచ్చేశాను, అవి ఇక నా ఆస్తిలో లేవు. ఎల్లుండి ఆమె తన వాటా సామానుతో వస్తోంది. క్రిస్మస్ బీరుకు మర ఇక్కడే బిగిస్తాం. సందు విషయం తేలలేదు. పుస్తకం అట్ట అన్నాను, తపాలా బిళ్ళ అంది. మొదట అట్టతో ఒక తొట్టి, తర్వాత బిళ్ళతో ఒక తొట్టి కాయడానికి డాక్టరు సమక్షంలో ఒప్పుకున్నాం. బిళ్ళ తొట్టి బిగుసుకుంటే ఆమె నోరు మూసుకుంటుంది, బిగుసుకోకపోతే నేను మూసుకుంటాను. నాకెలాగూ పెద్ద తేడా లేదు.

రెండు కేకల సంగతి కూడా అడిగేశాను. రాగ్న నా వైపు చూడలేదు, కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ చెప్పింది: "ఆపరేషన్ అయ్యాక మీ ఒడ్డు నుంచి కేక రావడం ఆగిపోయింది. కేక లేకుండా నీ బీరు ఏమైపోతుందక్కా? అందుకే మొదటిది నాకు, రెండోది నీకు పెడుతున్నాను. ఆగి ఆగి పెడతాను, నువ్వు తొట్టి దగ్గరికి నడిచి వెళ్ళడానికి టైము పడుతుందని."

ఇన్నేళ్ళూ నేను మొదటి కేకకే ఈస్ట్ వేసేస్తూ వచ్చాను.

ఏడో అంశం కొట్టివేయడమైనది.

9. కొట్టేసిన ఆ రెండు అంశాలకూ బదులుగా: మా ఇద్దరిలో ఎవరు ముందు పోతే వాళ్ళ చావుబీరు రెండోవాళ్ళు కాచాలి. నేనే మిగిలితే, కేక పెట్టే పని నాదే. గుసగుస అయినా సరే, తొట్టి మీదికి వంగి, దగ్గరగా పెడతాను. ఇద్దరం ఒకేసారి పోతే ఇక కాఫీయే గతి, పాస్టరు గారికి మాత్రం పోయవద్దు.

తేదీ: 2 డిసెంబరు 2016, హెగ్‌బ్రెక్కె.

సంతకం: అస్లౌగ్ హెగ్‌బ్రెక్కె.

సాక్షులు:

ఆర్న్‌ఫిన్, పశువుల డాక్టరు. బీరు తాగడు, అందువల్ల ఇందులో ఏ ఆశా లేనివాడు.

రాగ్న, అవతలి ఒడ్డు నివాసి, వీలునామా రాసినామె చెల్లెలు. ఈ కాగితం ద్వారా ఈమెకు ఏమీ రాదు.