హారతికిచ్చిన బారోమీటర్

12 అక్టోబరు 1996

కథ అచ్చయింది. వీక్లీలో నాలుగు పేజీలు, బొమ్మతో సహా. బొమ్మలో నా కథానాయిక హారతి నాకంటే బావుంది.

నా పిచ్చులన్నీ ఇలాగే కథల్లో ఒక్కొక్కరికీ పంచేస్తున్నాను. స్టాంపులు ఒక పోస్ట్‌మాస్టరు కూతురికిచ్చాను. క్రోషా అల్లిక భర్త పోయిన టీచరుకి. బీయస్సీ అయ్యి ఇంట్లో కూచున్న దానికి ఇంతకంటే పనేముంది? ఈసారి హారతికి బారోమీటర్ ఇచ్చేశాను. తాతగారు పాత లాంచీ సామాను వేలంలో కొన్నది. రోజూ పొద్దున్నే అద్దం మీద వేలితో తట్టి, ముల్లు ఎటు జరిగిందో చూడటం నా పూజ. ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. కథలో మాత్రం హారతి, ముల్లు పడిపోయింది, తుఫానొస్తోందని కేకలేస్తుంది. వాళ్ళ నాన్న నమ్మేసి వీధిలో అందరిచేతా మంచాలు మేడలెక్కిస్తాడు. తెల్లారేసరికి ఫెళ్ళున ఎండ. ఇక ఊరంతా ఆయన్ని తుఫానుగారూ అని పిలవడమే.

27 అక్టోబరు

క్లబ్బులో నాన్నగారిని తుఫానుగారూ అంటున్నారట. పేకముక్క వేస్తూ, ఏమండీ తుఫానుగారూ, మంచాలెక్కించేశారా అని. అన్నం సగంలో లేచిపోయారు. కథలో ఆ తండ్రి గుమాస్తా అండీ, మీరు కాదు అన్నాను. మరి బారోమీటర్ ఎవరిదమ్మా, అన్నారు.

సత్తియ్య ఒక్కడే మురిసిపోయాడు. మా రొయ్యల చెరువుకి కాపలా. సముద్రం పక్కనే గట్టు మీద పాకలో పెళ్ళాంతో ఉంటాడు, ఆవిడ పేరు పాపాయి. కూడబలుక్కుని కథంతా ఆవిడకి చదివి వినిపించాడట. నవ్వలేక చచ్చామండి ఆయ్, అన్నాడు. ఇంత మంచి రివ్యూ నాకెప్పుడూ రాలేదు.

5 నవంబరు

రేడియోలో వాయుగుండం అంటున్నారు. ముల్లు కొద్దిగా దిగింది. నాన్నగారితో అనలేదు.

6 నవంబరు, పొద్దున

ఇంకా దిగుతోంది. కాఫీ ఇస్తూ చెప్పాను. పేపరు దించకుండానే, హారతి చెప్పిందా, నువ్వు చెబుతున్నావా అన్నారు. సత్తియ్యవాళ్ళని ఈ ఒక్క పూట ఊళ్ళోకి పిలిపించండి అన్నాను. ఇవాళో రేపో రొయ్య పట్టాల్సిన చెరువు, నీ మాట మీద వదిలేసి రమ్మంటే జనం ఏమంటారో నువ్వే రాశావు కదమ్మా, అన్నారు.

నేనే రాశాను.

మధ్యాహ్నం

అద్దం తట్టక్కర్లేదు. చూస్తుండగానే పడుతోంది.

వానలోనే లూనా మీద చెరువుకి వెళ్ళాను. సత్తియ్య గోనెసంచీ కప్పుకుని, చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ దగ్గరున్నాడు. చెబుతుంటే పళ్ళన్నీ బయటపెట్టాడు. మంచాలు మొయ్యాలాండి అమ్మాయిగారూ? ఈసారి నిజం అన్నాను. కథలో హారతిగారూ ఇలాగే అన్నారండి, అన్నాడు. నా మొహం చూసి నవ్వు తగ్గించాడు. మీ నాన్నగారు ఒక్క మాటంటే వచ్చేత్తానండి, ఆరు చెప్పకుండా గట్టు దిగితే రేపు ఆరికి మొహం ఎలా చూపించనండి, అన్నాడు.

నాన్నగారే రమ్మన్నారని ఒక్క అబద్ధం ఆడొచ్చు. కథల్లో ఎన్ని ఆడలేదు! ఇదొక్కటీ ఆడలేకపోయాను.

పాపాయిని మాత్రం బండెక్కించాడు. ఎళ్ళవే, మేడ మీద తొంగుని పొద్దున్నే ఎండలో దిగొద్దువుగాని, అన్నాడు. ఆవిడ దారంతా నా నడుం గట్టిగా పట్టుకునే ఉంది.

సాయంత్రం

నాన్నగారు తానే వెళ్ళి బారోమీటర్ ముందు నిలబడ్డారు. సత్తియ్య కోసం జీపు తీయించారు. రోడ్డుకడ్డంగా కొబ్బరిచెట్లు. కాసేపటికి తడిసి ముద్దై వెనక్కొచ్చారు. వరండాలో పాపాయి జీపు వెనకసీటు వంకే చూస్తోంది.

9 నవంబరు

చెరువు లేదు. గట్టు లేదు. పాక ఎక్కడుండేదో నాన్నగారికే తెలియలేదు. సముద్రం వచ్చి వెళ్ళింది.

సత్తియ్య తాడితోపులో దొరికాడు. తువ్వాలుతో తనని తాడిమొద్దుకి కట్టేసుకున్నాడట. అంటే చాలాసేపు బతికే ఉన్నాడన్నమాట. కట్టు విప్పినవాళ్ళు పాపాయికి చెప్పొద్దన్నారు.

నేను కబురంపి ఉంటే వచ్చేవాడా అని నాన్నగారు అడిగారు. వచ్చేవాడండి, అన్నాను.

21 నవంబరు

పాపాయి అడిగింది, మా ఆయన ఎంతసేపు బతికున్నాడండీ అని.

వెంటనే పోయాడు అన్నాను.

మీరు చెబితే నిజవేనండి, అంది.