డాక్టరుగారు బల్ల గుద్దినప్పుడు

పద్మా,

ఎల్లుండి చిన్నిని చెవి పరీక్షకు విశాఖపట్నం తీసుకువెళుతున్నాను. తల్లివి కనుక, అందుకు కారణం ముందుగా నీకు చెప్పాలి. నువ్వు పోయేనాటికి అది పాకుతోంది. ఇప్పుడు మూడేళ్ళు నిండాయి. ఒక్క మాటా రాలేదు.

సోమవారం మీ అమ్మగారూ నేనూ దాన్ని రాజమండ్రిలో పిల్లల డాక్టరుగారికి చూపించాము. ఆయన దాని వెనక నిలబడి బల్ల మీద గట్టిగా గుద్దారు. చిన్ని చటుక్కున తిరిగింది.

"చెవులు బానే ఉన్నాయండి. బుర్రే ఎదగలేదు. దీని మీద ఆశ పెట్టుకోకుండా ఇంకొకర్ని కనండి," అన్నారు.

దాని తల్లి లేదని చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే తరువాతి వారిని పిలిచారు.

బస్సులో మీ అమ్మగారు, "ఆ గుద్దుకి నా కుర్చీయే అదిరింది బాబూ! వీధిలో గేదె కూడా తిరిగి చూసుంటుంది," అన్నారు.

నేను ఆలోచనలో పడ్డాను. ఆనకట్ట మీద పనిచేసే మాకు, గేటు కదిలితే ఆ అదురు పాదాలకు తెలుస్తుంది. చిన్ని కూడా ఆ బల్లకు ఆనుకునే కూర్చుంది.

ఇంటికి రాగానే దాన్ని మీ అమ్మగారి ఒళ్ళో కూర్చోబెట్టి, కనబడకుండా వెనకనుంచి పూజగంట మోగించాను. తిరగలేదు. తరువాత చెక్క బెంచీ మీద కూర్చోబెట్టి, అంచున వేలితో మెల్లగా తట్టాను. వెంటనే తిరిగింది. నా వేలు పట్టుకుని, మళ్ళీ తట్టమన్నట్టు బెంచీ మీద పెట్టింది.

"అమ్మ దొంగా! నీకా బుర్ర లేదన్నారు?" అన్నారు మీ అమ్మగారు.

ఇది ఇంట్లో చేసిన పరీక్ష. ఏదీ తేల్చడానికి చాలదు. దానికి ఎంత వినబడుతుందో, మాట వస్తుందో రాదో నాకు తెలియదు. నువ్వు పాడిన జోలలు అది విన్నదో లేదో కూడా తెలియదు.