అక్క కూర్చునే బండి

అక్కా,

నీ తుంటి నొప్పి తగ్గిందా? రాళ్ల మీద జారిపడ్డప్పటి నుంచి గొర్రెల వెంట గుట్టెక్కడం మానేశావు. ఫోన్ చేస్తే చాలు, "గుట్ట మీది గాలి జర పీల్చుకోవాలనుంది చెల్లే" అంటావు. ఆ మాట విని ఉండలేకే ఇక్కడ పుణెలో రాళ్లలో నడిచే కరెంటు బండి పని అడిగి తీసుకున్నాను.

మొదట నాలుగు చక్రాల్లో నాలుగు మోటార్లు పెట్టాం. ఒక చక్రం గాల్లోకి లేచినా మిగతావి లాగుతాయి. కానీ చక్రాలు బరువెక్కి, ప్రతి కుదుపూ నేరుగా నడుముకు తగిలింది. మోటార్లను పైకి తెచ్చి, స్ప్రింగుల మీదుండే చట్రానికి బిగిద్దామన్నాను. పని ఆలస్యమవుతుందని మా సారు కోప్పడ్డాడు.

"బండి ఎక్కుతోంది కదా, ఇంకేం కావాలి?"

"అందులో మా అక్క కూర్చోవాలి సార్."

ఆయన నేను గీసిన బొమ్మను ముందుకు లాక్కుని చూశాడు. తర్వాత సరేనన్నాడు.

నిన్న కొత్త బండి రాళ్లెక్కింది. నడుము అదరలేదు. మోత లేదు, గొర్రెలు బెదరవు. వచ్చే నెల పరీక్షకు తిరుమలగిరిలో మన గుట్టకే తెస్తున్నాం. బావను మందతో ముందు పోనివ్వు. మనిద్దరం వెనకాలే వెళదాం. నీ పక్కన కూర్చుని ఎన్నాళ్లయిందో! పైకి చేరాక నాతో ఏమీ మాట్లాడకు. ముందు గాలి పీల్చుకో.

నీ చెల్లె