చిట్టీ లేని బండి

భివండి,
ఆదివారం.

అక్కకు, బావకు తమ్ముడు రాజేశం నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

మీరంతా అక్కడ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. ఇక్కడ మేం బాగున్నాం. ఉత్తరాల్లో అందరూ రాసే మాటే కదా అనుకోకు అక్కా, అమ్మ నిజంగానే బాగుంది. పొద్దున జొన్నరొట్టె అడిగి మరీ పెట్టించుకుని తింది. నేనిది రాస్తుంటే గడప మీద కూర్చుని, "ఏం రాస్తున్నవ్‌రా గంతసేపు? ఎక్కువ రాయకు, బిడ్డ బుగులు పడ్తది" అంటోంది. అందుకే ముందే చెబుతున్నాను, అమ్మ బాగుంది. మిగతాది నిదానంగా చదువు.

ఆమధ్య ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, మీ పక్కింటివాళ్లు నిన్ను పిలుచుకొచ్చేలోపే నా దగ్గరున్న పైసలు సగం అయిపోయాయి. "అమ్మకు గుండెల నొచ్చింది, దవాఖానల ఉన్నది" అనేసరికి నువ్వు ఏడుపు అందుకున్నావు. ఆ తర్వాత గొలుసు అన్నాను, తాళం అన్నాను, టెంపో అన్నాను. నీకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. నాకే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మగ్గం ముందు నిలబడి ఉంటే, ఉన్నట్టుండి ఆ రోజు గుర్తొచ్చి చేతులు ఆగిపోతున్నాయి. పోగు తెగినా చూసుకోవడం లేదని సేటు రెండుసార్లు తిట్టాడు. అందుకే అంతా మొదటి నుంచి రాస్తున్నాను.

మేముండే గల్లీ ధామన్‌కర్ నాకాకు, అదే ఇక్కడి పెద్ద చౌరస్తాకు, సరిగ్గా వెనకాల ఉంటుంది. నూలు దుకాణాలు, బట్ట గోదాములు, ఆటోల అడ్డా అన్నీ నాకాలోనే. అక్కడ బండి ఆపితే పోలీసు ఊరుకోడు. దాంతో సరుకుకొచ్చిన టెంపోలన్నీ మా గల్లీలో దూరేవి. తలుపు తీస్తే ఎదురుగా బండి చక్రం. రాత్రిపాళీ చేసి వచ్చి పడుకుంటే చెవి పక్కనే హారన్. నీళ్ల ట్యాంకరు గల్లీ మొదట్లోనే ఆగిపోతే నీ మరదలు పద్మ, మిగతా ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుని ఆ బండ్ల సందుల్లోంచి అడ్డంగా నడిచి వచ్చేవాళ్లు. చీరలు రేకులకు తట్టుకుని చినిగిపోయేవి. ఇక డ్రైవర్లకు మా గోడలే మూత్రశాలలు. ఇదేం పద్ధతని అడిగితే "రోడ్ తేరే బాప్ కా హై క్యా" అని, రోడ్డేమన్నా మీ అయ్యదా అన్నట్టు ఎదురు తిరిగేవాళ్లు.

చివరికి సత్తయ్య కాక పూనుకున్నాడు. ఆయనది మన సిరిసిల్ల దిక్కే, ఇక్కడ నాలుగు మగ్గాలు పెట్టుకున్నాడు, గల్లీకి పెద్ద. వార్డు పెద్దమనుషులను ఒప్పించి, గల్లీ మొదట్లో రెండు ఇనుప స్తంభాలు పాతించి మధ్యన గొలుసు వేయించాడు. నేల మీద సున్నంతో బండ్లకు గళ్లు గీయించాడు. గల్లీలో ఉండే ఒక్కో ఇంటికి ఒక్క పసుపు స్టిక్కరు, దాని మీద ఇంటి నంబరు. స్టిక్కరున్న బండికే గొలుసు దించాలి. లేకపోతే ఎవరిదైనా సరే బయటే. గొలుసు తాళానికి రెండు చెవులు. ఒకటి కాక దగ్గర ఉంటుంది. రెండోది ఎవరి దగ్గర ఉండాలని మాట వచ్చినప్పుడు అందరి చూపూ మన అమ్మ మీద పడింది.

బాపు పోయాక ఇక్కడికి తెచ్చుకున్నప్పటి నుంచి అమ్మకు పొద్దు పోయేది కాదు. హిందీ రాదు, మరాఠీ రాదు. "ఊకె కూసుంటే పానం ఆగుతలేదురా" అని రోజూ ఒకటే గొణుగుడు. ఎలాగూ బీడీలు చేస్తుంది కదా, ఆ చాటేదో గొలుసు దగ్గర పెట్టుకుంటే కాలక్షేపం, కాపలా రెండూ అవుతాయన్నాడు కాక. ఈ వయసులో డ్రైవర్లతో ఏం వేగుతుంది, వద్దు అన్నాను నేను. నా మాట ఎవరు విన్నారు.

అక్కా, నువ్వు చూసి ఉండాల్సింది. వారం తిరగకుండానే నాకాలో డ్రైవర్లందరికీ ఆమె అంటే హడల్. ఆమెకొచ్చిన హిందీ మొత్తం ఇంతే: "చిట్టీ హై? నై? జావ్." స్టిక్కరును చిట్టీ అంటుంది, అది లేకపోతే పొమ్మనడమే. చదువు రాదు కాబట్టి రంగు చూసి పోల్చుకుంటుంది. ఒకడు అలాంటి పసుపు కాగితమే అద్దానికి అంటించుకొస్తే గోటితో గీకి చూసి పట్టేసింది. సత్తయ్య కాక కొడుకు కొత్త స్కూటరు కొని, స్టిక్కరు అతికించకుండా వస్తే వాణ్ణీ రానివ్వలేదు. "మీ నాయినను తోలుకరాపో. ఆయనకు గుడ చిట్టీ లేకుంటే గంతే" అంది. కాక ఆ మాట విని నవ్వాడు గానీ మొహం మాడింది.

ఆ డ్రైవర్లలో ఒకడు మున్నా. జౌన్‌పూర్ వైపు వాడట, అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు. టెంపోలో బట్టల బేళ్లు తోలుతాడు. రోజూ వచ్చి చేతులు జోడించి "దాదీ, పాంచ్ మినిట్" అని బతిమాలేవాడు. రోజూ అమ్మ "జావ్" అనేది. ఒకసారి వానలో బేళ్లు తడిసిపోతున్నాయని ఏడ్చినంత పని చేశాడు. అమ్మ తన గొడుగు తీసి వాడి చేతికిచ్చింది గానీ గొలుసు మాత్రం దించలేదు. నాకే సిగ్గేసి, పాపం కదమ్మా అన్నాను. "ఒక్కనికి ఇడిస్తే పదిమంది ఎంబడి వస్తరు కొడుకా. తలుపు సందు దొరికితే పిల్లి ఆగుతదా?" అంది.

మన ఇంటికీ ఒక స్టిక్కరు వచ్చింది. మనకున్నది నా సైకిలు ఒక్కటే, దానికి చిట్టీ ఎందుకు. పక్క గోదాము వాడు వచ్చి, నెల నెలా అద్దె ఇస్తాను, మీ స్టిక్కరు నాకివ్వండి అని అడిగాడు. పద్మకు ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, నాకూ పుట్టింది. అమ్మ వాణ్ణి గడప తొక్కనివ్వలేదు. "అల్లుడు జీపు కొన్నడట. గా జీపుల బిడ్డను ఎక్కించుకొని వస్తనన్నడు. ఇంటి అల్లుడు వచ్చిన్నాడు బండి నాకా కాడ నిలవెట్టుమందునా?" అని స్టిక్కరు తీసుకుపోయి దేవుడి పటం వెనక దోపింది. వచ్చిన వాళ్లందరికీ మా అల్లుడి జీపుకు జాగా ఉంది అని చెప్పుకునేది.

ఇక ఆ రోజు సంగతి రాస్తాను. గుండె గట్టి చేసుకుని చదువు.

ఆ వారం నాకు రాత్రిపాళీ. పొద్దున వచ్చి పడుకున్నాను. సత్తయ్య కాక నూలు బేరానికి ముంబై పోయాడు, ఆయన తాళంచెవి ఆయన జేబులోనే పోయింది. ఎండ ముదిరిందని అమ్మ గొలుసుకు తాళం వేసి బువ్వకు వచ్చింది. మన ఇల్లు గల్లీకి ఆ చివర. పద్మ కంచం పెట్టేలోపే "ఛాతి మీద బండ పెట్టినట్టున్నది పిల్లా" అని గోడకు ఆనుకుందట, అలాగే కిందికి జారిపోయింది. పద్మ కేకకు లేచాను. అమ్మ ఒళ్లంతా చెమట. కళ్లు తెరిచే ఉన్నాయి, నోట మాట లేదు.

పక్కింటాయన ఉరికిపోయి ఆటో తెచ్చాడు. ఆటో గొలుసు దగ్గర ఆగిపోయింది. చాబీ, చాబీ అని అటునుంచి అరుపులు. అంతే, అందరం తాళంచెవి మీద పడ్డాం. గోడ మేకులన్నీ చూశాం. బీడీల చాట బోర్లించాం, ఇల్లంతా ఆకు తునకలు, తంబాకు. బియ్యం డబ్బా చూశాం, దిండు కింద చూశాం, దేవుడి పటం వెనక చూశాం. పద్మ ఏడుస్తూ వెతుకుతోంది, నేను దాని మీద అరుస్తూ వెతుకుతున్నాను. పక్కిళ్ల వాళ్లొచ్చి మా సామాను తిరగేస్తున్నారు. గల్లీ మొదట్లో ఎవరో రాయి పెట్టి తాళాన్ని కొడుతున్నారు, అది కాక ఏరికోరి తెచ్చిన తాళం, పగలదు. అంతమందిమీ తాళంచెవి వెతుకుతుంటే అమ్మ ఒక్కతే గోడ పక్కన పడి ఉంది. కన్నతల్లిని వదిలేసి నేను తాళంచెవి వెతికాను అక్కా.

అప్పుడొచ్చాడు మున్నా. గొలుసు కిందినుంచి దూరి, పరుగున ఇంట్లోకి వచ్చాడు. అమ్మను చూశాడు, మమ్మల్ని చూశాడు. "చాబీ కా క్యా కరోగే? ఖాట్ లావ్" అన్నాడు.

తాళంచెవి ఏం చేసుకుంటారు, మంచం తెండి అన్న ఆ మాట మా ఇంత మందిలో ఒక్కరికీ తోచలేదు. నవారు మంచం మీద అమ్మను పడుకోబెట్టాం. ముందు మున్నా, ఇంకో డ్రైవరు. వెనక నేను, పక్కింటాయన. గల్లీలోకి వచ్చి చూస్తే గళ్లలో నిలబెట్టిన బండ్ల మధ్య మంచం పట్టదు. బయటి బండ్లు కావు, అన్నీ చిట్టీ ఉన్న మన బండ్లే. మంచాన్ని తలల మీదికి ఎత్తి స్కూటర్ల మీదుగా దాటించాం. గొలుసు కాడ అటువైపు మరో ఇద్దరు డ్రైవర్లు నిలబడి, మంచాన్ని గొలుసు పైనుంచి అందుకున్నారు. అమ్మ రోజూ ఎవరిని తరిమిందో వాళ్ల చేతుల మీదే గొలుసు దాటింది. ఆటోలో పడుకోబెట్టడానికి కుదరలేదు. మున్నా తన టెంపోలో ఉన్న బేళ్లను నడిరోడ్డు మీదే దింపేసి, మంచంతో సహా అమ్మను ఎక్కించాడు. ఆ బేళ్లు ఎవరెత్తుకుపోతారో అని కూడా చూడలేదు.

దవాఖానాలో నర్సు అమ్మ నడుముకున్న వక్కల సంచి విప్పి పద్మ చేతికిచ్చింది. అందులో పోకలు, సున్నం డబ్బీ, తాళంచెవి. పద్మ నా మొహం చూసింది. ఊళ్లో సందూకు తాళంచెవి ఎక్కడ ఉండేదో మనకు తెలియదా. బాపు అడిగినా నడుము నుంచి తీసేది కాదు కదా. ఇల్లంతా వెతికినవాణ్ణి, నా తల్లి నడుము తడిమి చూడాలని తోచలేదు. నువ్వుంటే చటుక్కున చెప్పేదానివి.

చిన్న గుండెపోటే అన్నాడు డాక్టరు. సమయానికి తెచ్చారన్నాడు. మందులు మానకూడదు, ఉప్పు తగ్గించాలి, వక్కాకు వద్దు. ఇప్పుడు బాగుంది, మళ్లీ చెబుతున్నాను, బాగుంది.

అసలు నేను నోరు తెరుచుకుని నిలబడిపోయింది అమ్మను ఇంటికి తెచ్చిన రోజు. మున్నాయే టెంపో తెచ్చాడు, అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాం. గల్లీ మొదట్లో అందరూ ఎదురొచ్చి నిలబడ్డారు. సత్తయ్య కాక తనే గొలుసు దించాడు. మున్నా బండి కదిలించబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"చిట్టీ హై?" అంది.

మున్నా తమాషా అనుకుని నవ్వాడు. "నై హై, దాదీ."

"నై తో రుక్. సత్తయ్యా, గొలుసు ఎయ్యి."

నాకైతే తల కొట్టేసినట్టయింది. "అమ్మా, నిన్ను మోసిన మనిషమ్మా" అన్నాను.

"నాకెరుక లేదా? నోరు పడిపోయింది గని కండ్లు పోలే. అంత చూసిన. మీరు మేకులు దేవులాడుడు గుడ చూసిన. సంచి నడుముకే ఉన్నదని చెప్దమంటే చెయ్యి లేవకపాయె."

ఇన్ని రోజులు ఆమెకు ఏమీ తెలియదనే అనుకున్నాను.

పద్మను పంపి దేవుడి పటం వెనక ఉన్న స్టిక్కరు తెప్పించింది. పట్టుకోబోతే వద్దని తనే బండి దిగింది. స్టిక్కరు వెనక కాగితం గోటితో ఒలిచి, టెంపో అద్దానికి తన చేత్తోనే అతికించింది. కాస్త వంకరగా పడింది. మున్నాకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు, నా వైపు చూశాడు. నాకు మాత్రం అర్థమైతే కదా.

సత్తయ్య కాక మెల్లగా దగ్గరికొచ్చాడు. "వదినె, గిట్లయితే ఎట్ల? చిట్టీ సొంత బండికే గదా. రేపు అందరు గిట్లనే ఎవలకు వడితే వాళ్లకు ఇస్తే?"

"ఇయ్యనీ. ఎవలను ఎవలు మోస్తే వాళ్లకు ఇయ్యనీ" అంది అమ్మ.

అమ్మ కాక చేతిలోంచి గొలుసు తీసుకుని తనే కిందికి వదిలి, "జావ్" అంది మున్నాతో. అదే మాట, కానీ ఈసారి లోపలికి. వాడు మన ఇంటి గడిలో బండి పెట్టి, చాలాసేపటిదాకా దిగలేదు. ఏడ్చాడో ఏమో, నేను అటు చూడలేదు.

ఇప్పుడు గొలుసుకు తాళం తీసేశారు, కొక్కెం ఒక్కటే. గళ్లన్నీ చెరిపి, మధ్యలో దారి వదిలి మళ్లీ గీశారు. ఎంత దారి వదలాలో కొలవడానికి మన మంచమే తీసుకుపోయారు. అమ్మ వద్దన్నా వినకుండా పొద్దున చల్లపూట గొలుసు దగ్గర కూర్చుంటోంది. మున్నా బండి వెనకే ఇంకో టెంపో దూరబోతే నిన్న దాన్ని నాకా దాకా వెనక్కి పంపింది. ఈమె మారదు అక్కా.

ఇక్కడ కరెంటు కోతలు ఎక్కువయ్యాయి, పాళీలో సగం సేపు మగ్గాలు ఆగే ఉంటున్నాయి. వానలు బాగానే ఉన్నాయి. ఎవరైనా ఇటు వస్తుంటే అమ్మకు బీడీల కత్తెర ఒకటి పంపు, పాతది ఆ గందరగోళంలో పోయింది. మామిడికాయ తొక్కు మాత్రం పంపకు, కంటపడితే ఆమె చెయ్యి ఆగదు. పెదనాయినకు, చిన్నమ్మకు మా దండాలు చెప్పు. వాళ్ల దీవెన అమ్మకు ఉండాలని అడిగానని చెప్పు. నువ్వు దిగులు పెట్టుకోకు, అమ్మ బాగుంది.

ఉత్తరం మడుస్తుంటే అమ్మ ఆపి ఒక మాట రాయమంది. అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"అల్లునికి చెప్పు, బిడ్డను తీస్కొని తప్పకుంట రమ్మను. గని జీపు నాకా కాడ్నే ఇడిసి నడ్సుకుంట రావాలె. ఆయన చిట్టీ ఇచ్చేసిన."

మీ దీవెనలు కోరే తమ్ముడు,
రాజేశం