కోటు జేబులోని గళ్ల పుస్తకం

మోర్‌కంబ్,
9 అక్టోబరు 1984

మోరీన్ వదినా,

ఆస్పత్రివాళ్లు మీకిచ్చిన డెనిస్ కోటు జేబులో గళ్ల నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. అది నాకు కావాలి. అడగడానికి సిగ్గుగానే ఉంది.

ఆటల హాల్లో నాణెం వేసి ఆడే అంతరిక్ష యుద్ధం ఆటని ఇంటి కంప్యూటర్లోకి దించడం మా పని. అసలు ప్రోగ్రాము మాకెవరూ ఇవ్వరు. డెనిస్ ఆడి వచ్చి, శత్రు నౌకల ఒక్కో దండు ఎటు నుంచి దిగిందో గళ్లలో గీసేవాడు. అది చూసి నేను ప్రోగ్రాము రాసేవాణ్ణి. ఇరవయ్యారో దండు దాకా వెళ్లగలిగింది అతనొక్కడే. ఆ పుస్తకం లేకపోతే క్రిస్మస్‌కి ఆట రాదు.

ఇంటికెళ్లమని నేనెంత చెప్పినా డెనిస్ వినలేదని అంత్యక్రియల రోజు మీతో అన్నాను. అతనికి ఒక అలవాటుండేది. నేనన్న మాటలు కూడా టైము వేసి పేజీ అంచున రాసుకునేవాడు. అందుకే పుస్తకం ఇచ్చే ముందు చివరి పేజీ చదవండి. ఇవ్వాలో వద్దో ఆ తర్వాత మీ ఇష్టం.

ఆ చివరి రోజు “ఛాతీ పట్టేస్తోందిరా, ఇంటికి పోతా” అన్నాడు.

“ఇంకొక్క దండు చూపించి పోరా, చచ్చిపోవులే” అన్నాను.

డెనిస్ నవ్వి, పెన్సిలు తీసి, అది కూడా రాసుకున్నాడు.