తెరుచుకోవలసిన గోడ

మేస్త్రీ మరిదిగారికి,

పిల్లనీ వాళ్ళమ్మనీ ఆస్పత్రి నుంచి తీసుకురావడానికి వెళుతున్నాను. మేం వచ్చేలోగా ఆ మూడంతస్తుల బొమ్మరింటి ముందు గోడ తెరుచుకోవాలి. అది తలుపులా తెరుచుకునే గోడ, మహానుభావా! ఎడమ పక్క బందులు కళ్ళకి ఆనలేదా? సందులున్నాయని లప్పం పెట్టి పూడ్చేసి, దాని మీద రంగు కూడా కొట్టావు. "గోడ తెరుచుకోవడమేంటి వదినా, నేనెన్ని ఇళ్ళు కట్టలేదూ!" అంటావు. కట్టావులే. వాటిల్లోకి మనుషులు వీధి గుమ్మంలోంచి వెళతారు. ఈ గుమ్మంలో నీ కూతురి చిటికెనవేలు కూడా దూరదు.

ఉలీ సుత్తీ ముట్టుకోకు. సన్న బ్లేడుతో అంచు వెంబడి లప్పం గీకి, బందులకి చుక్క నూనె వెయ్యి. నేను నడుం పడిపోయేలా కూర్చుని ఒక్కొక్కటే గీసిన ఇటుకల మీద పెచ్చు లేచిందో, రాత్రికి నీ కంచంలో లప్పమే వడ్డిస్తాను.

ఆస్పత్రికి వెళ్ళేముందు పిల్ల తన బొమ్మని అందులో మేడమీద పడుకోబెట్టి, "నేనొచ్చి లేపుతా" అని చెప్పి వెళ్ళింది. కాలికి కట్టుతో గుమ్మంలోకి వస్తూనే ఆ బొమ్మేదని అడుగుతుంది. మీ నాన్న గోడ కట్టేశాడని నేను చెప్పను. నువ్వే చెప్పుకో.

వదిన

ఇంకో మాట. బొమ్మరింటి కిటికీలోంచి చూశాను. నీ లప్పం సందులోంచి కారి బొమ్మ బుగ్గ మీద పడింది. తడిగుడ్డతో మెల్లగా తుడువు. రుద్దకు, నిద్ర లేచిపోతుంది.